అక్షరానికి ఎంత?

(పట్టణ గ్రంథాలయంలో ఓ ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్నది. మధ్యలో కరెంటు పోయిన పది నిమిషాలు, మైకు సర్దుకున్న మాటలు తీసేశాం.)

అందరికీ నమస్కారం. పరిచయం చేసిన మాస్టారు నన్ను పట్టుకుని సోషల్ మీడియా నిపుణుడు అనేశారు. అంత లేదండీ. నేను కొట్టు నడిపినవాణ్ణి. 1991లో తెనాలిలో మా నాన్న ఎస్టీడీ బూత్, అంటే డబ్బు కట్టి పై ఊళ్లకి ఫోను చేసుకునే చోటు, పెట్టారు. డిగ్రీ అయ్యాక నేను అందులో కూర్చున్నాను. 2000లో పక్క గది కలుపుకుని నెట్ సెంటర్ చేశాను. తర్వాత అదే బల్ల మీద సిమ్ కార్డులు, రీచార్జ్ కూపన్లు అమ్మాను. అంటే పాతికేళ్ల పాటు మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి నాకు డబ్బులు కట్టారు. మాటలు అమ్ముకుని బతికానన్నమాట.

అందుకే ఇంటర్నెట్ చరిత్ర, సోషల్ మీడియా చరిత్ర అని ఎక్కడ చదివినా నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. ఏ కంపెనీ ఎప్పుడు పుట్టింది, ఎవరు కోటీశ్వరుడయ్యాడు అని కాదు. అప్పట్లో మాటకి రేటెంత? అక్షరానికి ఎంత? ఆ రేటు మారినప్పుడల్లా మనం మాట్లాడుకునే తీరు మారిపోయింది. గల్లాపెట్టె దగ్గర కూర్చుని చూసినవాణ్ణి కాబట్టి ఆ సంగతే చెప్తాను.

టెలిగ్రాముతో మొదలుపెడదాం. ముందు వరసలో ఉన్న పిల్లలు టెలిగ్రామ్ అనగానే సినిమాలు దింపుకునే యాప్ అనుకుంటారు. (నవ్వులు) అది కాదమ్మా. మన దేశంలో 1850లలో మొదలై 2013 జూలైలో మూసేసిన టెలిగ్రాము. దానికి మాటల లెక్కన డబ్బు కట్టాలి. అందుకే "మదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అని నాలుగు ముక్కల్లో కొట్టేవాళ్లు. ఏ జబ్బు, ఏ ఆసుపత్రి, ఎప్పటినుంచి అనేవి ఉండవు. తీరా వచ్చి చూస్తే అమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు ఒలుస్తూ ఉండేది, లోపల పెళ్లిచూపులవాళ్లు ఉండేవాళ్లు. మాట ఖరీదైనదైతే అబద్ధం కూడా పొట్టిగా ఆడాలి.

ఇంకో సంగతి చాలామందికి గుర్తుండదు. శుభాకాంక్షల టెలిగ్రాములకి నంబర్లు ఉండేవి. దీపావళికో నంబరు, పెళ్లికో నంబరు, బిడ్డ పుడితే ఒకటి, పరీక్ష పాసైతే ఒకటి. ఫారం మీద ఆ నంబరు రాస్తే చాలు, తీగ మీద నంబరే వెళ్లేది, అవతల ఆఫీసువాళ్లు దానికి సరిపడే ఇంగ్లీషు వాక్యం రాసి అందించేవాళ్లు. ఈరోజు మీరు పెళ్లి ఫొటో కింద రెండు చేతులు జోడించిన బొమ్మ, పూలగుత్తి బొమ్మ పెడుతున్నారే, వాటి తాతగారు ఆ నంబరు. జపానువాళ్లు కనిపెట్టారు, అమెరికావాళ్లు కనిపెట్టారు అంటారు గానీ, తయారుగా ఉన్న భావాన్ని నంబరుగా పంపడం మన తపాలా బంట్రోతులకి ఎప్పటినుంచో తెలుసు.

ఇక మా బూత్. గాజు తలుపు క్యాబిన్, లోపల ఫోను, పైన ఎర్ర అంకెల మీటరు. రాత్రి 11 దాటితే ఎస్టీడీకి పావు చార్జీ. అందుకని మా బూత్‌కి అసలు బేరం ఊరు నిద్రపోయాకే. పదకొండు కొట్టే లోపు బెంచీల మీద పదిమంది ఉండేవాళ్లు. చేతుల్లో చీటీలు. ఏం మాట్లాడాలో ముందే రాసుకొచ్చేవాళ్లు. "1. పొలం కౌలు. 2. చెల్లి సంబంధం. 3. డబ్బు అందింది. 4. ఆరోగ్యం." నాలుగో అంశానికి వచ్చేసరికి మీటరు చూసి పెట్టేసేవాళ్లు. కొడుకు అమెరికా వెళ్లిన ఒక పెద్దావిడ ప్రతి నెలా మొదటి ఆదివారం వచ్చేది. ఫోను కలవగానే ఏడుపు. లోపల అంకెలు గిర్రున తిరుగుతుంటే బయట ఆవిడ భర్త గాజు తలుపు మీద వేలితో కొట్టి "మాట్లాడవే, మాట్లాడు" అనేవాడు. ఏడుపుకీ పల్స్, అంటే మీటరు మీద చార్జీ లెక్క, పడేదండీ. మీటరుకి తేడా తెలీదు కదా.

మిస్డ్ కాల్ సంగతి చెప్పక్కర్లేదు. ఒక రింగు అయితే బస్సెక్కాను, రెండైతే ఇల్లు చేరాను. ఎత్తారో డబ్బు పోతుంది. ఒక దేశం మొత్తం ఫోను ఎత్తకుండా మాట్లాడుకోవడం నేర్చుకుంది. కంపెనీకి రూపాయి రాకుండా కబురు చేరిపోయేది. నాకూ వచ్చేది కాదనుకోండి, అది వేరే బాధ.

ఇదంతా జరుగుతుండగా అవతల ఇంకో కథ నడుస్తోంది. దాన్ని గబగబా చెప్పేస్తాను, మీ పాఠాల్లో ఎటూ ఉంటుంది. 1969 అక్టోబర్ 29న కాలిఫోర్నియాలో ఒక యూనివర్సిటీ కంప్యూటరు నుంచి ఇంకో సంస్థ కంప్యూటరుకి "లాగిన్" అనే మాట పంపబోయారు. ఎల్, ఓ అనే రెండు అక్షరాలు వెళ్లగానే అవతలి యంత్రం కూలబడింది. అంటే ఆ నెట్‌వర్క్ మీద వెళ్లిన మొట్టమొదటి మాట "లో". తెలుగులో చదివితే అర్థం సరిగ్గానే ఉంది, లోపలికి రాబోయి ఆగిపోయారు. (నవ్వులు) 1971లో రే టామ్లిన్‌సన్ అనే ఇంజినీరు ఒక కంప్యూటరు నుంచి ఇంకోదానికి ఈమెయిల్ పంపాడు. మనిషి పేరుకీ యంత్రం పేరుకీ మధ్య పెట్టడానికి ఎవరి పేర్లలోనూ రాని గుర్తు కావాలి కాబట్టి కీబోర్డు మీద పెద్దగా ఎవరూ వాడని "ఎట్" గుర్తు ఎంచుకున్నాడు. మొదటి ఉత్తరంలో ఏం రాశావయ్యా అంటే గుర్తులేదన్నాడు. 1980లో డ్యూక్ యూనివర్సిటీ కుర్రాళ్ల ఆలోచనతో యూజ్‌నెట్ నడవడం మొదలైంది. ఒకడు రాసింది ఊరంతా చదివి, ఊరంతా బదులు రాసే ఏర్పాటు. సోషల్ మీడియాకి ఇల్లు కట్టింది అక్కడే.

మనవాళ్లు అందులోకి 1990ల మొదట్లో వెళ్లారు. ఇక్కడ కాదు, అమెరికాలో. పై చదువులకి వెళ్లిన కుర్రాళ్లు. యూనివర్సిటీ కంప్యూటర్లు, యూనివర్సిటీ తీగలు, పైసా ఖర్చు లేదు. చుట్టూ మంచు. తెలుగులో మాట్లాడటానికి పక్క గదిలో ఒకడో ఇద్దరో. వాళ్లకి యూజ్‌నెట్‌లో తెలుగు కోసం ఒక గుంపు ఏర్పడింది. అక్కడ గోంగూర ఎక్కడ దొరుకుతుంది అనే దగ్గర్నుంచి పోతన పద్యాల దాకా, సినిమా హీరోల మీద బూతుల దాకా అన్నీ ఉండేవి. ఈరోజు మనం తిట్టుకునే తిట్లు కొత్తవేం కావు. మనవాళ్లు నెట్టెక్కిన మొదటి ఏడాది నుంచీ ఉన్నాయి.

అయితే వాళ్లకో చిక్కు. ఆ యంత్రాల్లో ఉన్నది ఇంగ్లీషు అక్షరాలే. పద్యం రాయాలంటే ఎలా? అప్పుడు హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అనే ఇద్దరు ఒక పద్ధతి తయారుచేశారు. ఆర్‌టీఎస్ అంటారు. ఆర్ అంటే రైస్, అన్నం కాదు, ఆ యూనివర్సిటీ పేరు. చిన్న ఎన్ కొడితే న, పెద్ద ఎన్ కొడితే ణ. చిన్న టి కొడితే త, పెద్ద టి కొడితే ట. చిన్న ఎల్ అయితే ల, పెద్దదైతే ళ. ఇలా ప్రతి తెలుగు అక్షరానికీ తిరుగులేని ఇంగ్లీషు రూపం ఉంది. దాన్ని కంప్యూటరుకి ఇస్తే తెలుగు లిపిలోకి మార్చేస్తుంది. మార్చకపోయినా కళ్లు అలవాటు పడ్డవాళ్లు నేరుగా చదివేసేవాళ్లు. 26 అక్షరాల సంచిలో మన 50 పైచిలుకు అక్షరాలు కుక్కడం మాటలు కాదు. నా దృష్టిలో తెలుగుకి ఇంటర్నెట్‌లో జరిగిన మేళ్లలో ఇది మొదటిది. ఒక్క రూపాయి ప్రభుత్వం ఇవ్వలేదు, కమిటీ వెయ్యలేదు. ఇంటిమీద బెంగతో చేసుకున్న పని.

ఇక్కడ 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. ముందు మహానగరాలకి. మా తెనాలికి రావడానికి ఇంకా చాలా దూరం. నేను 2000లో పెట్టినప్పుడు ఫోను లైను మీద మోడెం కీచుమని అరిచి, బుస్సుమని బుసకొట్టి, కలిస్తే కలిసినట్టు. గంటకి 40 రూపాయలు తీసుకున్నాను. తర్వాత 20, చివరికి పోటీ పెరిగి 10. గంట 40 ఉన్నప్పుడు జనం ఈమెయిల్‌ని కాయితం మీద రాసుకొచ్చి చూసి కొట్టేవాళ్లు. అదే చీటీ, బూత్‌లో ఉన్నట్టే. 10 అయ్యేసరికి చీటీలు మాయమయ్యాయి. చాటింగ్ వచ్చింది. యాహూ మెసెంజర్లో ముక్కూమొహం తెలీనివాడితో "నీ వయసు, నువ్వు ఆడా మగా, ఏ ఊరు" అని మొదలుపెట్టి గంట గడిపేసేవాళ్లు. ఒక కుర్రాడు నా సెంటర్లో మూడో నంబరు సిస్టం మీద కూర్చుని విశాఖపట్నం అమ్మాయితో నెల రోజులు చాట్ చేశాడు. ఆ అమ్మాయి ఆరో నంబరు సిస్టం మీద కూర్చున్న వాడి స్నేహితుడే. (చాలాసేపు నవ్వులు) నాకు మొదటిరోజే తెలుసు. చెప్తే ఇద్దరి బేరమూ పోతుంది కదా, చెప్పలేదు.

తర్వాత ఆర్కుట్. 2004 జనవరిలో గూగుల్‌లో పనిచేసే ఆర్కుట్ బుయుక్‌కోక్‌టెన్ అనే టర్కీ ఇంజినీరు తన పేరే పెట్టి మొదలుపెట్టాడు. దానికి ముందు అమెరికాలో ఒకటీ రెండూ వచ్చాయి గానీ అవి మన గుమ్మం దాకా రాలేదు. ఆర్కుట్ మాత్రం బ్రెజిల్‌లోనూ మన దగ్గరా విరగబడి నడిచింది. అందులో స్క్రాప్‌బుక్ అని ఉండేది. నీకు నేను రాసిన ముక్క ఊరందరికీ కనిపిస్తుంది. వీధి అరుగు మీద ఉత్తరం పెద్దగా చదివినట్టు. మరి రహస్యం మాట్లాడాలంటే? దానికి మన పిల్లలు ఒక దారి కనిపెట్టారు. టెస్టిమోనియల్ అని ఒకటుంది, ఒకరి గురించి మంచిమాట రాసి పంపితే వాళ్లు ఒప్పుకుంటేనే అందరికీ కనిపిస్తుంది. ఒప్పుకునే దాకా వాళ్లిద్దరికే తెలుసు. సరే, ఫోన్ నంబరు అందులో రాసి కింద "దయచేసి ఒప్పుకోవద్దు" అని రాసేవాళ్లు. ఆ కంపెనీ ఇంజినీర్లు కలలో కూడా అనుకుని ఉండరు. పొరపాటున ఒప్పుకున్నవాళ్ల ఇళ్లలో జరిగిన గొడవలు నాకు తెలుసు. 2014 సెప్టెంబర్ 30న ఆర్కుట్ మూసేశారు. ఆ ముందు వారం పాత కస్టమర్లు ఇద్దరు ముగ్గురు వచ్చి స్క్రాపులు ప్రింట్ తీయమన్నారు. పేజీకి రెండు రూపాయలు.

లిపి సంగతి మధ్యలో వదిలేశాను. అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లో నంబర్లిచ్చే పట్టిక ఒకటుంది, యూనికోడ్ అంటారు. 1991లోనే దాని మొదటి కూర్పులో తెలుగుకి 128 గడులు కేటాయించారు. చోటైతే ఉంది, కాపురం లేదు. ఒక్కో పత్రిక సైటుకి ఒక్కో ఫాంటు. నా సెంటర్లో పేపరు చదవాలని వచ్చిన పెద్దాయనకి పెట్టెలు పెట్టెలుగా కనిపిస్తే, "నీ కంప్యూటరుకి తెలుగు రాదా" అని తిట్టి వెళ్లేవాడు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది, అప్పుడు కాస్త ఊపిరాడింది. 2006లో వీవెన్ అనే పేరుతో అందరికీ తెలిసిన ఆయన లేఖిని అనే పేజీ పెట్టారు. పైన ఆర్‌టీఎస్‌లో కొడితే కింద తెలుగు. కాపీ చేసుకుని ఎక్కడ కావాలంటే అక్కడ అతికించుకోవడమే. ఏమీ ఎక్కించక్కర్లేదు, నా లాంటి సెంటర్ వాడికి అదే పెద్ద వరం. ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు రోజూ వచ్చి అందులో కథలు కొట్టుకునేవారు. ఆయన దగ్గర నేను సగం చార్జీయే తీసుకున్నాను, ఇది మాత్రం గొప్ప కోసం చెప్తున్నాను.

సరే, ఇప్పుడు అసలు సంగతి. సెల్‌ఫోన్ మెసేజ్. ఇది కొంచెం శ్రద్ధగా వినండి, ఇక్కడే మన లిపికి దెబ్బ తగిలింది.

ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు, అంటే 1,120 బిట్లు. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. ట్విటర్ మొదట్లో 140 అక్షరాలు పెట్టింది కూడా ఈ లెక్కే, 160లో 20 పేరుకి వదిలిపెట్టారు. మరి తెలుగో? తెలుగు అక్షరానికి 16 బిట్లు. పట్టేవి 70. అక్కడితో అవ్వలేదు. మన గుణింతం, ఒత్తు అన్నీ విడివిడి లెక్క. "లక్ష్మి" అని రాశారనుకోండి. చూడటానికి రెండక్షరాలు. యంత్రం లెక్కలో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. మొత్తం ఏడు. ఇంగ్లీషులో లక్ష్మికీ ఏడే అక్షరాలు. కానీ ఇంగ్లీషు లక్ష్మికి 160లో ఏడు, తెలుగు లక్ష్మికి 70లో ఏడు. "స్త్రీ" ఒక్క అక్షరం, యంత్రానికి ఆరు. మెసేజ్ రూపాయి ఉన్న రోజుల్లో తెలుగులో 70 దాటి రాసినవాడు రెండు రూపాయలు కట్టాలి. పైగా అవతలివాడి ఫోనులో తెలుగు లేకపోతే డబ్బిచ్చి పెట్టెలు పంపినట్టు. ఇంక ఎవడు రాస్తాడండీ?

అందరూ ఇంగ్లీషు అక్షరాల తెలుగుకి దిగారు. అదీ ఆర్‌టీఎస్ లాంటి పద్ధతైన తెలుగు కాదు. పెద్ద అక్షరం కొట్టాలంటే ఇంకో మీట నొక్కాలి, దీర్ఘానికి అక్షరం రెండుసార్లు నొక్కాలి. అన్నీ తీసి పారేశారు. మా బావమరిది కూతురి పాట పోటీ జరిగింది. వాడు మెసేజ్ పెట్టాడు. పి, ఎ, డి, ఐ, ఎన్, డి, ఐ. "పాడింది" అని వాడి ఉద్దేశం. మా ఆవిడ "పడింది" అని చదివింది. "అయ్యో, దెబ్బ గట్టిగా తగిలిందా" అని తిరిగి పంపింది. వాడికి కోపం. అంత బాగా పాడితే దెబ్బలంటావేంటని. మూడు రూపాయలూ ఒక పండగ రాకపోకలూ పోయాయి ఆ దీర్ఘం మీద.

పండగంటే గుర్తొచ్చింది. మెసేజ్ ప్యాకులు వేయించుకున్నా కొత్త సంవత్సరం, సంక్రాంతి లాంటి రోజుల్లో అవి పనిచేసేవి కావు. ఆ రోజు ప్రతి మెసేజ్‌కీ పూర్తి చార్జీ. మరి మనవాళ్లేం చేశారు? శుభాకాంక్షలు ముందురోజే పంపేవాళ్లు. భోగికి ముందే సంక్రాంతి వచ్చేసేది. డిసెంబర్ 30 రాత్రి నా కొట్లో కూపన్లు అయిపోయేవి. పంచాంగాన్ని సిద్ధాంతులు మార్చలేకపోయారు గానీ సెల్‌ఫోన్ కంపెనీలు మార్చాయి.

ఇప్పుడు ఫోన్లన్నిటిలోనూ తెలుగు ఉంది. నొక్కితే వస్తుంది, ఎక్కువ కట్టక్కర్లేదు. అయినా ఈ హాల్లో ఎంతమంది వాట్సాప్‌లో తెలుగు లిపిలో రాస్తారు? చెయ్యెత్తండి. (కాసేపు ఆగి) ఆరుగురు. అందులో ఇద్దరు లైబ్రరీ సిబ్బంది. చూశారా, ఖర్చు పోయింది, అలవాటు ఉండిపోయింది. కుర్రకారు తెలుగుని మర్చిపోయారని సభల్లో తిట్టేవాళ్లని చూసినప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లు మర్చిపోలేదు. మనం రూపాయి మిగుల్చుకోవడానికి చేసిన పని వాళ్లకి వారసత్వంగా వచ్చింది.

అన్నట్టు, మన లిపి ఒకసారి ప్రపంచం మొత్తాన్ని హడలగొట్టింది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే అక్షరాన్ని ఒక రకంగా రాసి పంపితే ఐఫోన్ ఆగిపోయేది. మెసేజ్ తెరిస్తే యాప్ కూలిపోవడం, నోటిఫికేషన్‌గా వస్తే ఫోనే మొండికెయ్యడం. ఆపిల్ కంపెనీ హడావిడిగా కొత్త అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది. ప్రపంచంలో అంత ఖరీదైన ఫోను జ్ఞానంలో మొదటి అక్షరం మొయ్యలేక చతికిలబడింది. (నవ్వులు, చప్పట్లు) నాకైతే ఆ వారం చాలా హాయిగా గడిచింది.

ఫేస్‌బుక్ గురించి రెండు ముక్కలు. 2004లో పుట్టింది. 2006 సెప్టెంబర్‌లో న్యూస్ ఫీడ్ పెట్టింది. అంతకుముందు ఎవరి గోడ మీద ఏముందో చూడాలంటే వాళ్ల గోడ దగ్గరికి మనం వెళ్లాలి. న్యూస్ ఫీడ్ వచ్చాక అన్ని గోడలూ మన మంచం దగ్గరికొచ్చాయి. లక్షల మంది గొడవ చేశారు, మా సంగతులు అందరికీ మోస్తావేంటని. జుకర్‌బర్గ్ "శాంతించండి, ఊపిరి పీల్చుకోండి, మీ మాట వింటున్నాం" అని రాశాడు. విన్నాడు గానీ తియ్యలేదు. 2009లో లైక్ బటన్ వచ్చింది. మనకి కథ చెప్పేటప్పుడు ఊ కొట్టేవాళ్లు కావాలి కదా, ఆ ఊ అది. కాకపోతే చావు కబురుకీ అదే ఊ. "మా నాన్నగారు పోయారు" అని పెడితే కింద 84 లైకులు. ఏడుపు మొహం, కోపం మొహం 2016లో గానీ రాలేదు. ఏడేళ్లు మనం చావులకి బొటనవేలు చూపించాం.

వాట్సాప్ 2009లో మొదలైంది. యాన్ కూమ్ అనే ఆయన, యుక్రెయిన్‌లో పుట్టి అమెరికా వలస వచ్చినవాడు. ముందు అది కబుర్ల యాప్ కాదు. "నేను జిమ్‌లో ఉన్నాను", "ఫోనులో చార్జింగ్ లేదు" అని పేరు పక్కన పెట్టుకునే ఏర్పాటు. జనం దాన్నే ఒకరికొకరు బదులు చెప్పుకోవడానికి వాడేసుకున్నారు. మన మిస్డ్ కాల్ లాగే. అప్పట్లో మొదటి ఏడాది ఉచితం, తర్వాత ఏడాదికి ఒక డాలరు అనేవాళ్లు. "ఈ మెసేజ్ పదిమందికి పంపకపోతే రేపటినుంచి వాట్సాప్‌కి డబ్బులు" అని ఎన్ని వచ్చాయో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ డాలరు కూడా 2016లో తీసేశారు.

కానీ ఆ మధ్యలో ఒకటి జరిగింది. 2014 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ దాన్ని 1,900 కోట్ల డాలర్లకి కొంది. అప్పుడు అందులో ఉద్యోగులు 55 మంది, వాడేవాళ్లు 45 కోట్ల మంది. నేను కొట్టువాణ్ణి కదా, వెంటనే భాగించి చూసుకున్నాను. తలకి 42 డాలర్లు. అప్పటి రేటులో దాదాపు 2,600 రూపాయలు. నా బూత్‌లో గాజు తలుపు కొట్టిన ఆ ముసలాయన ఎన్నేళ్లు కడితే 2,600 అవుతుందో? ఇక్కడ ఆయన ఒక్క రూపాయీ కట్టలేదు, అయినా ఆయన తల ఖరీదు అంత పలికింది. అంటే మాట ఉచితమైందని మనం సంబరపడుతుంటే, రేటు పట్టీలో మాట తీసేసి మనిషి పేరు రాశారు. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా కూడా ఉచితంగా పంచింది. ఆ నెలలో నా కొట్టు బల్ల మీద దుమ్ము పేరుకుంది. సిమ్ కోసం వరస కట్టారు గానీ రీచార్జ్ ఎవరూ అడగలేదు.

మాట పూర్తిగా ఉచితమైతే ఏమవుతుందో రెండేళ్లలో చూశాం. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వీడియోలు, మెసేజ్‌లు. ఎక్కడివో, ఎప్పటివో తెలీదు. దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. మన రెండు రాష్ట్రాల్లోనూ జరిగాయి. అప్పుడు తెలంగాణలో గద్వాల, వనపర్తి జిల్లాలు చూస్తున్న ఎస్పీ రెమా రాజేశ్వరి ఏం చేశారో చూడండి. వాట్సాప్‌కి వాట్సాప్‌లో బదులివ్వలేదు. కానిస్టేబుళ్లని ఊళ్లకి పంపి జనంతో కూర్చోబెట్టి మాట్లాడించారు. కళాకారులతో పాటలు కట్టించి, డప్పు కొట్టించి ఊరూరా చెప్పించారు. అంటే చాటింపు. టెలిగ్రాముకి కూడా ముందుదైన పద్ధతి. ఆ డప్పు కొట్టేవాడు ఎవరో ఊరికి తెలుసు, రేపు తప్పని తేలితే వాణ్ణి నిలదీయొచ్చు. ఫార్వర్డ్‌కి ఆ మొహం ఉండదు.

అదే ఏడాది జూలైలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ని ఒకేసారి అయిదుగురికో, అయిదు గుంపులకో పరిమితం చేసింది. తర్వాత మిగతా ప్రపంచానికీ పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, కరోనా పుకార్లప్పుడు, బాగా తిరిగిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్కరికే పంపేలా చేసింది. అలాంటి మెసేజ్‌లు 70 శాతం తగ్గాయని ఆ కంపెనీయే చెప్పింది. అంటే నిషేధించలేదు, పంపొద్దనలేదు. ఇంకోసారి వేలు కదపాలి, అంతే. డబ్బు రూపంలో తీసేసిన రేటుని కష్టం రూపంలో చిటికెడు వెనక్కి పెట్టారు. ఆ చిటికెడుకే నూటికి డెబ్భై సార్లు "ఎవడు పంపుతాడులే" అనుకున్నారు. అంత తేలిగ్గా మానుకోగలిగిన మాటల కోసం మనుషులు చచ్చిపోయారు, అది తల్చుకుంటే కడుపు రగులుతుంది.

ఇంక ఒక్కటి చెప్పి ఆపేస్తాను, మాస్టారు గడియారం చూస్తున్నారు. 2013లో వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపడం వచ్చింది. రోజుకి 700 కోట్ల వాయిస్ మెసేజ్‌లు వెళ్తున్నాయని 2022లో ఆ కంపెనీ లెక్క చెప్పింది. అందులో పది పన్నెండు మా పిన్నివే ఉంటాయి. (నవ్వులు) ఆవిడ అయిదో తరగతి చదివింది. ఎస్సెమ్మెస్ ఆవిడకి రాలేదు, ఈమెయిల్ రాలేదు, ఆర్కుట్ పేరు వినలేదు. ఈ చరిత్ర మొత్తం ఆవిడ పక్కనుంచి వెళ్లిపోయింది. ఇప్పుడు మైకు బొమ్మ మీద వేలు పెట్టి నాలుగు నిమిషాలు మాట్లాడుతుంది. మొదటి అరనిమిషం "ఒసే, ఆ పాలు చూడవే, పొంగుతున్నాయ్" అని కోడలితో. తర్వాత "ఒరేయ్, విన్నావా" అని నాతో. చీటీ లేదు, నంబర్లు లేవు, నాలుగో అంశం ఆరోగ్యం లేదు. మధ్యలో ఏమీ మాట్లాడకుండా ఊరికే ఊపిరి వినిపిస్తుంది కాసేపు. ఆ కాసేపు కూడా పంపుతుంది. మా బూత్‌లో అయితే దానికి రెండు పల్సులు.

నమస్కారం.

(చప్పట్లు. తర్వాత వచ్చిన ప్రశ్నల్లో ఒకటి ఇక్కడ ఇస్తున్నాం.)

సభలోంచి ఒక అమ్మాయి: అంకుల్, మీ కొట్టు ఇప్పుడు ఉందా?

ఉందమ్మా. జిరాక్స్, ఆధార్ ప్రింట్లు, పాస్‌పోర్ట్ ఫొటోలు. మా అబ్బాయి చూస్తున్నాడు. ఆ గాజు క్యాబిన్ మాత్రం తీయనివ్వలేదు నేను, అందులో కాయితాల కట్టలు పెట్టుకుంటున్నాం. మొన్నామధ్య ఒకాయన వచ్చాడు. బజారులో గోల, ఇంట్లో మనవలు, కూతురు డల్లాస్ నుంచి చేస్తోందట. "కాసేపు ఈ గదిలో కూర్చోనా" అన్నాడు. కట్టలు పక్కకి జరిపి స్టూలు వేశాను. తలుపేసుకుని వీడియో కాల్‌లో ముప్పావుగంట మాట్లాడాడు. ఫోను ఆయనదే, నెట్టు ఆయనదే. బయటికొచ్చి కళ్లు తుడుచుకుని, జేబులో చెయ్యి పెట్టి "ఎంత ఇమ్మంటారు" అన్నాడు. నాకేం చెప్పాలో తోచలేదు. పాత అలవాటు కొద్దీ తలెత్తి మీటరు ఉండే చోటు చూశాను. పది రూపాయలు ఇవ్వండి అన్నాను.